కొత్త ఇంటర్‌ఛేంజ్ ప్రణాళికలో ఊరివాళ్లను ఎప్పుడు, ఎలా భాగం చేయాలి?

మీ మండల కేంద్రం దగ్గర జాతీయ రహదారిని రాష్ట్ర రహదారి దాటే కూడలిలో ఇంటర్‌ఛేంజ్ (ఒక రోడ్డును మరొకదాని మీదుగా దాటించి, రెంటినీ ర్యాంపులనే వాలు దారులతో కలిపే కట్టడం) ప్రతిపాదన వచ్చిందని, భూసేకరణ నోటిఫికేషన్ రాగానే సభ పెట్టి ప్రజాభిప్రాయం తీసుకుంటే సరిపోతుందా అని అడిగారు. రహదారుల డీపీఆర్‌లు (సమగ్ర ప్రాజెక్టు నివేదికలు) తయారుచేసే కన్సల్టెన్సీలో చాలాకాలం డిజైన్ పని చేసి, హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న కొన్ని ఊళ్లలో ఇలాంటి సంప్రదింపుల్లో కూర్చున్నవాడిగా నా సమాధానం: సరిపోదు, అప్పటికే ఆలస్యమవుతుంది. ర్యాంపులు ఎటు దిగాలో ఇంకా రెండు మూడు ప్రత్యామ్నాయాలు బల్ల మీద ఉండగానే ఊళ్లోకి వెళ్లాలి.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుందో ముందు చెప్పుకోవాలి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ (ఫలానా భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన) వెలువడ్డాక, ఆ భూమితో సంబంధం ఉన్నవారు 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. 3సీ ప్రకారం సంబంధిత అధికారి వారి వాదన వినాలి. 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడినట్టే. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా ఈ సేకరణకు వర్తించదు; 2015 నుంచి పరిహారం, పునరావాస నిబంధనలు మాత్రం వర్తిస్తున్నాయి. పూర్తిగా కొత్త జాతీయ రహదారికైతే 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరపాలి గానీ, ఉన్న రోడ్డు మీద ఒక్క కూడలిని మార్చే పనికి సాధారణంగా ఆ అవసరం రాదు. అందువల్ల అధికారికంగా వినే సందర్భం ఆ 21 రోజులే అవుతుంది, అందులోనూ ఆచరణలో వినిపించేది పట్టాదారుల గొంతు మాత్రమే. కౌలుదారు, కూడలిలో టీకొట్టు నడుపుకునే మనిషి, రోజూ అక్కడ బస్సెక్కే ఇంటర్ విద్యార్థిని ఆ కాగితాల్లో కనిపించరు. హైదరాబాద్ చుట్టూ ప్రతిపాదించిన ప్రాంతీయ రింగు రోడ్డు విషయంలో రాయగిరి, చౌటుప్పల్ ప్రాంతాల రైతులు అలైన్‌మెంట్ (రోడ్డు పోయే దారి) మార్చాలంటూ రోడ్డెక్కడం మనం చూసిందే. గెజిట్ చేతికి వచ్చాక మాట మొదలైతే అది దాదాపు ఎప్పుడూ అలాగే సాగుతుంది.

సభకు డ్రాయింగు తీసుకెళ్లి గోడకు తగిలించడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. చైనేజీలు, వక్రతా వ్యాసార్థాలు మాకు అర్థమైనట్టు అందరికీ అర్థం కావాలనుకోవడం అన్యాయం. సర్వే బృందంతో ప్రతి ర్యాంపు అంచు వెంబడి నేల మీద ముగ్గు పోయించి, మూలమూలకూ జెండాలు పాతించి, ఊరివాళ్లతో కలిసి ఆ గీత మీద నడవడమే నాకు తెలిసిన పద్ధతుల్లో ఉత్తమమైనది. 'లూపు (గుండ్రంగా తిరిగే ర్యాంపు) మధ్యలో మిగిలిపోయే నా చెలకలోకి ఎడ్లబండి ఎటునుంచి పోవాలి?' అన్న ప్రశ్న గీత మీద నిలబడితేనే పుడుతుంది; ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేసి కూర్చోబెడితే పుట్టదు.

'ఇంటర్‌ఛేంజ్ కావాలా, వద్దా' అన్న ప్రశ్నకు వచ్చే జవాబుతో డిజైనర్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఎవరు, ఏ వేళ, దేనితో, ఎటు దాటుతున్నారో అడగండి. ఒక ఊళ్లో పొలాల బాటకు చిన్న వాహనాల అండర్‌పాస్ చూపించాం. దాని నిలువు ఎత్తు 4 మీటర్లు. అందులో గడ్డి ట్రాక్టరు పట్టదని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. మాటలతో తేలక, కల్లం నుంచి వస్తున్న లోడును ఆపి, పక్కన మా లెవెలింగ్ స్టాఫ్‌ను (ఎత్తులు కొలిచే గుర్తుల కర్రను) పూర్తిగా సాచి నిలబెట్టాం. ఆ స్టాఫ్ పొడవు కూడా సరిగ్గా 4 మీటర్లే. గడ్డి దాని కొసను దాటి పైకి ఉంది. అది పట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు: ట్రాక్టరు ర్యాంపెక్కి, ప్రధాన రహదారి మీద రాంగ్ రూట్లో తర్వాతి కూడలి దాకా చీకట్లో వెళుతుంది. పెద్ద వాహనాలకు ఇచ్చే 5.5 మీటర్ల అండర్‌పాస్‌ను ఆ బాటకే జరపమని మేము రాసిన సిఫారసుకు ఆ కొలతే ఆధారమైంది. ట్రాఫిక్ సర్వేలో ఆ ట్రాక్టరు ఒక అంకెగా నమోదైంది గానీ, దాని ఎత్తును నమోదు చేసే గడి మా ఫారంలో లేదు.

నీళ్ల విషయం ఇంకా ముఖ్యం, దీన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ర్యాంపు అంటే ఎత్తైన మట్టికట్ట. గొలుసుకట్టు చెరువులున్న నేలలో పై చెరువు అలుగు పోసినప్పుడు నీళ్లు వాగులోనే కాక పొలాల మీదుగా కూడా కింది చెరువుకు పారుతాయి. ఆ పారకం టోపోషీటులో (సర్వే పటంలో) ఉండదు, వేసవిలో సర్వేకు వెళ్లినవాడి కంటికి కనిపించదు. చెరువు నీళ్లు వదిలే నీరటికాడిని, ఆయకట్టు పెద్దలను వెంటబెట్టుకుని, పెద్ద వానలప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తులు పెట్టించి, వాటికి లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) తీయండి. పైపు కల్వర్టు చాలునో బాక్స్ కల్వర్టు కావాలో అక్కడే తేలుతుంది. అండర్‌పాస్ వానాకాలంలో మడుగయ్యే గండం కూడా అక్కడే బయటపడుతుంది.

గ్రామసభకు వచ్చేవారిలో మగవాళ్లు, అందులోనూ భూమి ఉన్నవాళ్లే ఎక్కువ. ఆడవాళ్ల మాట వినాలంటే మహిళా సంఘాల నెలవారీ సమావేశానికే వెళ్లి కాసేపు సమయం అడగడం మేలు. బస్టాపు ర్యాంపు అవతలికి మారితే చీకటిపడ్డాక ఎంత దూరం నడవాలి, సర్వీసు రోడ్డుకు దీపాలుంటాయా అన్న ప్రశ్నలు నేను అలాంటి చోట్లే విన్నాను. నాట్లు, కోతల రోజుల్లో పగటిపూట సభ పెట్టి, జనం రాలేదని రాసుకోవడం మాత్రం దయచేసి చేయకండి.

ఏది మార్చగలరో, ఏది మార్చలేరో మొదటి రోజే చెప్పేయండి. నాలుగు రేకుల ఆకు ఆకారంలో ఉండే క్లోవర్‌లీఫ్ నమూనాకు లూపుల కోసం చాలా భూమి పోతుంది. లూపులు లేకుండా ర్యాంపులు వజ్రం ఆకారంలో దిగే డైమండ్ నమూనా తక్కువ భూమితో సరిపెడుతుంది గానీ, అడ్డరోడ్డు మీద సిగ్నల్ లేదా రౌండబౌట్ తప్పదు. ఈ బేరీజును విడమరిచి చెబితే రైతులు ఇంజినీర్ల కంటే చురుగ్గా లెక్క వేస్తారు. ప్రధాన రహదారి ఎత్తు, మలుపుల్లో భద్రతకు కావలసిన కనీస వ్యాసార్థం వంటివి బేరానికి లొంగవు. అవి కూడా చర్చలో ఉన్నాయన్న భ్రమ కలిగిస్తే తర్వాత మీరు చెప్పే ఏ మాటనూ ఎవరూ నమ్మరు.

వచ్చిన ప్రతి కోరికనూ, దాన్ని ఒప్పుకున్నారో లేదో, ఒప్పుకోకపోతే కారణమేమిటో తెలుగులో పట్టికగా రాసి, సవరించిన నక్షాతో పాటు పంచాయతీ కార్యాలయంలో అంటించి, 3ఏ ప్రతిపాదన పంపేముందు ఒక ప్రతిని భూసేకరణ అధికారికి, మరో ప్రతిని డీపీఆర్‌ను పరిశీలించే ప్రాజెక్టు కార్యాలయానికి ఇవ్వండి. పని జరిగే కాలంలో వేసే తాత్కాలిక డైవర్షన్ ఎటు పోవాలో కూడా ఆ పట్టికలోనే చేర్చండి, ఎందుకంటే రెండు మూడేళ్లపాటు ఊరు నడవబోయే దారి అదే.