ఆదివారాలు బడికి, మరి చదువు ఎప్పుడు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. రెండు వారాలకో ఆదివారం కాలేజీ బృందంతో పల్లెటూరి ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లలతో సైన్స్ ప్రయోగాలు చేయిస్తోంది. ఆ సర్టిఫికెట్ ఎక్కడైనా పనికొస్తుందా? లేక మాన్పించి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ కోచింగ్‌లో చేర్చమంటారా? ఎమ్మెస్సీ మంచిదా, బీఈడీ మంచిదా?
- ఒక తండ్రి

జవాబు: సర్టిఫికెట్ సంగతి ముందే తేల్చేద్దాం. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకు జామ్ ర్యాంకు కావాలి. వాలంటీరు పనికి అక్కడ మార్కులు కలవవు. రేపు విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు చేస్తే రాసుకోవచ్చు గానీ, అక్కడ చూసేది కాగితాన్ని కాదు, తను ఏం చేసిందో, ఏం గమనించిందో సొంతంగా చెప్పగలదా లేదా అని.

కానీ మీ టెన్షన్ సర్టిఫికెట్ గురించి కాదనుకుంటాను. ‘ఈ పిల్ల ఇందులో పడిపోయి చివరికి ఏ పల్లెటూళ్లోనో టీచరుగా మిగిలిపోతుందేమో’ అన్నదే కదా అసలు భయం? చాలామంది తల్లిదండ్రులు ఇదే మాటను తిప్పి తిప్పి అడుగుతారు. కాస్త గట్టిగానే చెబుతున్నా, ఏమీ అనుకోకండి. ‘మిగిలిపోవడం’ అనే మాట ఇంట్లో అమ్మాయి వినేలా అంటుంటే ఈరోజే మానండి. తనకు ఫిజిక్స్ మీద ఇష్టం పుట్టించింది కూడా ఎవరో ఒక టీచరే అయి ఉంటారు.

పైగా ఆ ఆదివారాలు వృథా కావడం లేదు. నీళ్లున్న పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించే ప్రయోగం తీసుకోండి. మంట ఆరగానే గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి’ అని మనందరికీ చెప్పారు. ‘మంట వెలిగినంతసేపూ పెద్దగా కదలని నీళ్లు, ఆరాకే ఎందుకక్కా గబగబా ఎక్కాయి?’ అని ఓ ఆరో తరగతి పిల్లాడు అడిగితే ఆ జవాబు నిలవదు. మంట ఆరేసరికి లోపల ఆక్సిజన్ ఇంకా చాలానే ఉంటుంది. వేడికి వ్యాకోచించిన గాలి చల్లబడి సంకోచించడమే ముఖ్య కారణం. ఆ ప్రశ్నకు తడబడి, ఇంటికొచ్చి పుస్తకం తిరగేసిన అమ్మాయికి వాయు నియమాలు మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు. జామ్‌కు కావలసింది కూడా ఇలాంటి పట్టే.

నా అనుమానమల్లా వేరే విషయంలో. ఈ వాలంటీరు పని ఈమధ్య ఫ్యాషనైంది. ఒక పూట వెళ్లడం, వంటసోడా, వెనిగర్ కలిపి ‘అగ్నిపర్వతం’ పొంగించడం, ఫొటోలు దిగి వచ్చేయడం. పిల్లలు చప్పట్లు కొడతారు, చేతులతో ఏదీ ముట్టుకోరు. మళ్లీ ఎవరూ ఆ బడి మొహం చూడరు. దీన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం 2002 దాకా సాగింది. అక్కడ పిల్లలే ప్రయోగం చేసి, చూసింది రాసుకుని, దాని మీద వాదించుకునేవారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించే ఆయన పద్ధతి అక్కడే పుట్టింది. 2018లో పద్మశ్రీ వచ్చింది.

అందుకని అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి: వెళ్లిన బడికే మళ్లీ వెళ్తున్నారా? లోలకానికి దారం కట్టేది, ఊపులు లెక్కపెట్టేది పిల్లలేనా? మీరు వెళ్లిపోయాక ఆ బడి సైన్స్ టీచరు దాన్ని కొనసాగిస్తున్నారా? కాదంటే ఆ బృందాన్ని నిస్సంకోచంగా వదిలేయమనండి. అవునంటే అడ్డుపడకండి. కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) కూడా వాలంటీరును ఏడాదికి 120 గంటలు అడుగుతుంది. మీ అమ్మాయి వెచ్చిస్తున్నదీ దాదాపు అంతే.

ఎమ్మెస్సీనా, బీఈడీనా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. సైన్స్ బోధన మీదే పరిశోధన చేయాలనిపిస్తే ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రంలో పీహెచ్‌డీ ఉంది.

జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఆఖరి ఏడాది ఆ నెలల్లో నెలకో ఆదివారం వెళ్తే చాలు. ఈలోగా పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు గడియారం పెట్టి రాయించండి. ఎక్కడ తడబడుతోందో చూశాక, కోచింగ్ కావాలో వద్దో తననే చెప్పనివ్వండి.