అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పెద్ద నగరాలు ఏవి? ఉద్యోగం, చదువు కోసం వచ్చేవాళ్ళకి ఏది మేలు?

జనాభా లెక్క మాత్రమే కావాలంటే 2020 జనగణన ప్రకారం మొదటిది హంట్స్‌విల్, సుమారు 2.15 లక్షలు. తర్వాత బర్మింగ్‌హామ్, మాంట్‌గొమరీ. రెండూ 2 లక్షలు దాటినవే, వాటి మధ్య తేడా లేనట్టే. నాలుగోది మొబీల్, 1.87 లక్షలు.

నేను కొన్నేళ్ళు బర్మింగ్‌హామ్ పక్కన హూవర్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ వరుసను పట్టుకుని ఊరు ఎంచుకోకండి. 2007లో జీహెచ్ఎంసీ రాకముందు కూకట్‌పల్లి, ఎల్బీనగర్ వేరే మున్సిపాలిటీలుగా ఉండేవి కదా, ఇక్కడ హూవర్, హోమ్‌వుడ్, వెస్టేవియా హిల్స్ ఇప్పటికీ అలాగే వేర్వేరు నగరాలు. రోడ్డు దాటితే ఊరి పేరు మారిపోతుంది, పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్ళాలో తేల్చే స్కూల్ డిస్ట్రిక్టూ మారుతుంది. 1960లో బర్మింగ్‌హామ్ ఊళ్ళోనే 3.4 లక్షల మంది ఉండేవారు. ఉక్కు పరిశ్రమ తగ్గాక, తెల్లవాళ్ళు శివార్లకు వెళ్ళిపోయాక ఆ సంఖ్య 2 లక్షలకు దిగింది. హంట్స్‌విలేమో చుట్టుపక్కల భూమిని కలుపుకుంటూ పెరిగింది. శివార్లతో కలిపి చూస్తే బర్మింగ్‌హామ్ ప్రాంతంలో 11 లక్షల మంది ఉంటారు, హంట్స్‌విల్ ప్రాంతంలో అందులో సగం.

ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గర దగ్గరే దొరకడంతో 1871లో పుట్టిన ఊరు బర్మింగ్‌హామ్. రెడ్ మౌంటెన్ మీద 56 అడుగుల వల్కన్ (రోమన్ల అగ్ని దేవుడు) పోత ఇనుప విగ్రహం ఆ కాలం గుర్తే. ఇప్పుడు ఊరిని నడిపేది ఉక్కు కాదు, ఆసుపత్రులు. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మందికి ఉద్యోగాలిచ్చేది యూఏబీ (యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఎట్ బర్మింగ్‌హామ్). మన పిల్లలు పబ్లిక్ హెల్త్, డేటా సైన్స్ అంటూ ఎక్కువగా వచ్చేది అక్కడికే. గుడి కావాలంటే దక్షిణాన పెల్హామ్ వెళ్ళాలి.

హంట్స్‌విల్ రాకెట్ల ఊరు. 1950లో జర్మన్ రాకెట్ శాస్త్రవేత్త వాన్ బ్రౌన్ బృందం అక్కడి సైనిక స్థావరం రెడ్‌స్టోన్ ఆర్సెనల్‌కు వచ్చింది, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 రాకెట్ రూపకల్పన అక్కడి నాసా మార్షల్ కేంద్రంలో జరిగింది. ఇంజనీర్లకు స్వర్గం అంటారు. నిజమే, కానీ రక్షణ రంగపు ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది చూసుకోకుండా అక్కడికి మకాం మార్చవద్దు.

మాంట్‌గొమరీ రాజధాని. హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ ఉంది గానీ, ఐటీ వాళ్ళకి అవకాశాలు తక్కువ. అయినా ఒకసారి తప్పక వెళ్ళండి. 1955లో రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్ళకు సీటు వదలనన్నది ఇక్కడే. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన డెక్స్టర్ అవెన్యూ చర్చి మెట్ల మీద నిలబడితే, 1861లో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి, కాన్ఫెడరసీ మొదటి రాజధాని భవనం ఎదురుగానే కనిపిస్తుంది. నల్లవాళ్ళను గుంపులు చంపిన లించింగ్ ఘటనల గుర్తుగా 2018లో తెరిచిన స్మారకంలో ఒక్కో కౌంటీ పేరుతో ఉక్కు స్తంభాలు వేలాడుతుంటాయి. నేను అక్కడ అరపూట ఉండిపోయాను.

మొబీల్ రేవు పట్టణం, 1702లో ఫ్రెంచి వాళ్ళు పెట్టింది. ఎయిర్‌బస్ విమానాలు అక్కడ తయారవుతాయి, వాన విపరీతం.

మీరు చదువుకో, ఆసుపత్రి లేదా బ్యాంకు ఐటీ ఉద్యోగానికో వస్తుంటే బర్మింగ్‌హామ్, ఇల్లు మాత్రం హూవర్ వైపు. గ్రీన్ కార్డు దాటి పౌరసత్వం వచ్చిన ఇంజనీరైతే హంట్స్‌విల్. ఎక్కడున్నా కారు లేనిదే పని జరగదు, ముందు లైసెన్సు సంగతి చూసుకోండి.