ఫైనైట్ ఆన్ చేసేముందు

బాబూ,

ఫ్యాక్టరీ ప్లానింగ్‌లోకి వచ్చావు కదా అని షెడ్యూల్ మొత్తాన్నీ ఫైనైట్ కెపాసిటీకి, అంటే మెషిన్‌కి ఉన్న గంటల్లో పట్టినంత పనే వేసే పద్ధతికి, మార్చేయకు. ముందు ఆ హద్దు లేని ఇన్‌ఫినిట్‌గానే నడిపి చూడు. అది డెలివరీ తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ పోతుంది. మెషిన్ ఖాళీగా ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అందుకే ఏ వారంలో ఎంత పని మీదపడుతోందో దాచకుండా చూపిస్తుంది.

ఒక మిల్లింగ్ మెషిన్ తీసుకో. రెండు షిఫ్టులకి విరామాలు పోను రోజుకి 15 గంటలు. అందులో 80 శాతమే నమ్ము, అంటే 12. ఆరు రోజులకి 72. ఆ వారం ఒక ఆర్డర్ 400 పీసులు, పీసుకి 6 నిమిషాలు. ఇంకోటి 300 పీసులు, పీసుకి 8 నిమిషాలు. దేనికైనా 40 గంటలు, మెషిన్‌ని ఆ పనికి సిద్ధం చేసే సెటప్ 2 గంటలు. వెరసి 84. ఇన్‌ఫినిట్‌లో లోడ్ 117 శాతమని కనబడుతుంది. అదే ఫైనైట్ అయితే మిగిలిన 12 గంటల పనినీ చడీచప్పుడూ లేకుండా పై వారంలోకి నెట్టేస్తుంది. లోడ్ చార్టు చూస్తే ఏ ఇబ్బందీ ఉండదు, కస్టమర్‌కిచ్చిన మాటే తప్పుతుంది.

ఆ 12 గంటల సంగతి నువ్వే తేల్చాలి. మెటీరియల్ చేతిలో ఉంటే కొంత పని అంతకుముందు వారానికి జరుపు, ఖర్చు లేని దారి అదే. కుదరకపోతే సెలవు రోజున రెండు షిఫ్టులూ నడిపితే సరిగ్గా సరిపోతుంది. ఆర్డర్‌ని రెండు మెషిన్లకి పంచుదామనుకుంటే ఇంకో సెటప్ తోడవుతుంది. పీసుని పట్టి ఉంచే ఫిక్చర్ ఒక్కటే ఉంటే ఆ రెండో మెషిన్ కాగితం మీదే. తర్వాతి ఆపరేషన్ ఆలస్యమవుతోందంటే మాత్రం 400 పీసులూ అయ్యేదాకా ఆగకు. మొదటి 100 సెటప్‌తో కలిపి 12 గంటల్లో, అంటే ఒక్కరోజులో బయటికొస్తాయి. మొత్తం లాట్ కోసం కూర్చుంటే మూడున్నర రోజులు. అయితే తర్వాతి మెషిన్ దీనికంటే వేగమైనదైతే పీసులు అందక మధ్యలో ఆగుతుంది, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టించు.

ఇవన్నీ తేలాకే ఫైనైట్. అదీ పని ఎక్కువ పేరుకునే ఒకటి రెండు మెషిన్లకే. అన్నిటికీ పెడితే ఎక్కడో ఒక మెషిన్ ఆగగానే షెడ్యూలంతా తారుమారవుతుంది, షాప్ ఫ్లోర్ వాళ్లు నీ కాగితం చూడడమే మానేస్తారు. రాబోయే రెండు మూడు రోజుల వరస కదపకుండా ఫ్రీజ్ చెయ్యి.

ఆన్ చేసేముందు రూటింగ్‌లో, అంటే పని ఏ మెషిన్ తర్వాత ఏ మెషిన్‌కి వెళ్లాలో రాసిన జాబితాలో, ఆ మెషిన్‌కి పెట్టిన క్యూ టైమ్ (వరసలో ఆగే సమయం) తగ్గించు. ఫైనైట్ ఎలాగూ వరసలో నిలబెడుతుంది. క్యూ టైమ్ కూడా ఉంటే ఒకే నిరీక్షణని రెండుసార్లు లెక్కగట్టినట్టు. పని అయిపోయినా ఎంట్రీ పడని ఆపరేషన్లు కూడా మూసేయించు, లేకపోతే లేని పనికి మెషిన్ గంటలు కేటాయిస్తుంది.