తొక్కితే ఎగిరే కాగితపు రాకెట్ ఎందుకు ఎత్తుకు వెళ్లదు? అదే సీసాతో విమానం ఎగురుతుందా?

సీసాను కాలితో తొక్కితే అందులోని గాలి పైపు గుండా దూసుకొచ్చి కాగితపు రాకెట్‌ను ఎగరేసే ఆట గురించి మీరు అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు రెండు. ఎంత గట్టిగా తొక్కినా రాకెట్ ఐదారు మీటర్లు దాటడం లేదు. పైకి వెళ్లాక పల్టీలు కొడుతూ పడిపోతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిదానికి దాదాపు ఎప్పుడూ గాలి కారడమే కారణం, రెండోదానికి బరువు తోకవైపు ఉండిపోవడం. సీసా మార్చినా, ఇంకా బలంగా తొక్కినా ఇవి నయం కావు.

ముందు లాంచర్, అంటే రాకెట్‌ను ఎగరేసే అమరిక చూడండి. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, దాని మూతికి 40-50 సెం.మీ. సైకిల్ ట్యూబు ముక్క, ట్యూబు రెండో కొసలో నిలువుగా నిలబెట్టిన అర అంగుళం పీవీసీ పైపు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. వాల్వు లేని చోట ట్యూబును కోసుకోండి. సీసా మూతికి ట్యూబు బిగుతుగానే పడుతుంది. పైపు సన్నం కాబట్టి అటువైపు వదులుగా ఉంటుంది. గాలి కారేది సాధారణంగా అక్కడే. ఎక్కువైన రబ్బరును ఒక పక్కకు లాగి మడిచి, దానిమీద ఇన్సులేషన్ టేపును సాగదీస్తూ ఆరేడు చుట్లు చుట్టండి. తర్వాత పైపు నోటిని అరచేత్తో మూసి సీసాను మెల్లగా నొక్కి చూడండి. సీసా గట్టిగా ఎదురు తిరగాలి. మెత్తగా లోపలికి పోతుంటే అతుకుల మీద సబ్బునీళ్లు రాయండి, బుడగలు వచ్చిన చోటే లీకు. నిలువు పైపు 40-50 సెం.మీ. ఉంటే సరిపోతుంది. మధ్యలో ఎల్బోలు (పైపును మలుపు తిప్పే ముక్కలు), పొడుగు పైపులు పెంచుకుంటూ పోతే అక్కడా గాలి నొక్కుకోవాల్సి వస్తుంది, ఒత్తిడి తగ్గిపోతుంది.

ఇక రాకెట్. పైపుల కొలతలు దేశానికోలా, కంపెనీకోలా ఉంటాయి కాబట్టి వ్యాసం లెక్కలు పెట్టుకోకుండా ఆ పైపునే అచ్చుగా వాడుకోండి. ముందు పైపు మీద మామూలు కాగితం ఒక చుట్టు, మహా అయితే రెండు చుట్లు వేసి కొసను టేపుతో ఆపండి. ఆ కాగితం పైపుకు అంటుకోకూడదు. దానిమీద ఏ4 కాగితాన్ని పొడుగు వైపు పైపు వెంబడి ఉండేలా చుట్టండి. 21 మి.మీ. పైపు మీద మూడు చుట్లు వస్తాయి, దాదాపు 30 సెం.మీ. గొట్టం తయారవుతుంది. అంచు పొడవునా టేపు వేయండి, రెండు మూడు చోట్ల చుక్కల్లా వేస్తే చాలదు. పొరల మధ్య నుంచి గాలి పోతుంది. లోపలి కాగితాన్ని లాగేశాక గొట్టం తన బరువుకే పైపు మీద జారాలి, కానీ అటూ ఇటూ ఊగకూడదు. అంటుకుపోతే లోపలి కాగితం ఇంకో చుట్టు వేయండి, ఊగితే ఒక చుట్టు తగ్గించండి.

ముక్కుకు 5 సెం.మీ. వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో నాలుగో వంతు కోయండి. దాన్ని శంకువుగా చుడితే అడుగు వ్యాసం 2.5 సెం.మీ. వస్తుంది, కొద్దిగా బిగిస్తే గొట్టానికి సరిపోతుంది. అయితే గాలిని ఆపేది శంకువు అనుకోకండి. గొట్టం పై కొసను ముందే మడిచి టేపుతో పూర్తిగా మూసేయాలి, శంకువు దానిమీద టోపీ మాత్రమే. మూశాక కింది నుంచి నోటితో ఊది చూడండి. ముక్కు దగ్గర చెంపకు గాలి తగిలితే ఇంకో పొర టేపు వేయాల్సిందే. ముక్కు ఊడిపోయి గొట్టం మాత్రం పైపు మీదే మిగిలిపోవడం చాలామందికి ఎదురయ్యే సమస్య, దానికి కారణం ఈ మడత లేకపోవడమే.

తొక్కడం గురించి ఒక లెక్క. పైపు మీద కూర్చున్న రాకెట్ గొట్టంలో పట్టే గాలి సుమారు 100 మి.లీ. మాత్రమే. అంత గాలి లోపలికి వెళ్లేసరికి రాకెట్ పైపు దాటిపోతుంది, ఆ తర్వాత సీసాలో మిగిలిన గాలి ఎంత వచ్చినా వృథాయే. నెట్టుడంతా ఆ 30 సెం.మీ. దూరంలోనే జరిగిపోవాలి. అందుకే నెమ్మదిగా బరువంతా మోపేవారి కన్నా చటుక్కున తొక్కే చిన్నపిల్లల రాకెట్ ఎక్కువ ఎత్తు వెళ్లడం మామూలే.

పల్టీల సంగతికి వస్తే, ఫిన్లు, అంటే తోక దగ్గరి చిన్న రెక్కలు మూడో నాలుగో ఉండాలి, అన్నీ ఒకే కొలత. గొట్టానికి అతుక్కునే అంచు 6 సెం.మీ., బయటికి 4 సెం.మీ. ఉన్న అట్ట త్రికోణాలు చాలు. కింది అంచుకు దగ్గరగా, నిటారుగా అతికించండి. మెత్తటి కాగితంతో చేస్తే వేగానికి మడతపడిపోతాయి. ఆ తర్వాత ముక్కులో 3 గ్రాముల బంకమన్ను పెట్టండి. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం బరువు 5 గ్రాములు, ఫిన్లూ టేపూ కలిపితే మొత్తం రాకెట్ 10-11 గ్రాములు అవుతుంది. బరువు తగ్గిస్తే ఇంకా ఎత్తు వెళ్తుందనిపిస్తుంది గానీ, మరీ తేలికైనదాన్ని పైపు దాటిన వెంటనే గాలి ఆపేస్తుంది.

సరిగ్గా ఉందో లేదో ఎగరేయకుండానే తెలుసుకోవచ్చు. రాకెట్‌ను వేలి మీద నిలిపి అది సమతూకంగా ఉన్న చోట, అంటే గరిమనాభి దగ్గర దారం కట్టి టేపు వేయండి. మీటరున్నర దారంతో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుండి సాగితే నిలకడ ఉన్నట్టే. అడ్డంగానో తోక ముందుగానో తిరిగితే ముక్కులో గ్రాము చొప్పున బరువు పెంచండి లేదా ఫిన్లు పెద్దవి చేయండి. ఈ పరీక్ష చేయకుండా ఎగరేసి కారణం వెతకడం చాలా కష్టం.

విమానం కూడా ఇదే లాంచర్‌తో ఎగురుతుంది, కానీ దానికి ఓర్పు కావాలి. అదే కాగితపు గొట్టం శరీరం. 3 మి.మీ. థర్మోకోల్ పళ్లెం నుంచి 30 x 6 సెం.మీ. రెక్క కోసి, నడుమ కొద్దిగా వంచి రెండు కొసలూ 2.5 సెం.మీ. పైకి లేచేలా అతికించండి. రెక్క ముందు అంచు ముక్కుకు 10 సెం.మీ. దూరంలో ఉండాలి. తోకకు 12 x 4 సెం.మీ. అడ్డపట్టీ, 5 సెం.మీ. ఎత్తు నిలువు రెక్క, రెండూ గొట్టం పైభాగానే. సాల్వెంట్ గమ్ములు, సూపర్ గ్లూ థర్మోకోల్‌ను కరిగించేస్తాయి, కాబట్టి తెల్ల జిగురు లేదా డబుల్ టేపు వాడండి. ముక్కులో బంకమన్ను పెడుతూ గరిమనాభి రెక్క ముందు అంచుకు 1.5-2 సెం.మీ. వెనక పడేలా సరిచేయండి. మొదట చేత్తో విసిరి చూడాలి. ముక్కు లేచి ఆగి కూలిపోతే ఇంకాస్త మన్ను, నేరుగా నేలలోకి దూకితే తోక పట్టీ వెనక అంచును 2 మి.మీ. పైకి వంచడం.

చేత్తో చక్కగా తేలిన విమానమే లాంచర్ మీద గుండ్రంగా లూప్ కొట్టి పడుతుంది. కంగారు పడకండి, వేగం రెట్టింపైతే రెక్క ఎత్తే బలం నాలుగింతలవుతుంది, ముక్కును పైకి లాగేస్తుంది. తోక వంపు పూర్తిగా తీసేసి, పైపును 30-40 డిగ్రీలకు వంచి, సీసాను కాలితో కాకుండా రెండు చేతులతో ఒక్కసారి నొక్కండి. కాలితో తొక్కితే థర్మోకోల్ రెక్క విరుగుతుంది.

కాలికి బదులు సైకిల్ పంపుతో గాలి నింపి, కుళాయి తిప్పి వదలొచ్చా అని కొందరు అడుగుతుంటారు. పీవీసీ పైపులతో ఆ పని వద్దే వద్దు. నొక్కిపెట్టిన గాలితో ఉన్న పీవీసీ పగిలితే పదునైన ముక్కలై ఎగురుతుంది. కాలితో తొక్కే పద్ధతిలో పైపు నోరు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం లేదు. అయినా తొక్కేవేళ పైపు మీదికి ఎవరూ వంగకూడదు, పిల్లలకు కళ్లద్దాలు ఉంటే మంచిది, ముక్కులో మేకులూ రాళ్లూ పెట్టకూడదు.

సీసాను మళ్లీ ఉబ్బించడానికి పైపు చుట్టూ పిడికిలి బిగించి, పిడికిలిలోంచి ఊదండి, నోరు పైపుకు తగలదు. ప్రతిసారీ ఒకే మడత మీద తొక్కితే సీసా అక్కడే చీలుతుంది. ఒకసారి ఒక పక్క, ఇంకోసారి ఇంకో పక్క తిప్పుతూ తొక్కండి. మంచినీళ్ల సీసాలు పలచన కాబట్టి త్వరగా చీలతాయి, గ్యాసు నింపే కూల్‌డ్రింక్ సీసాలే తెచ్చి రెండు మూడు దగ్గర ఉంచుకోండి.