పండక్కి ఊరెళ్లాలంటేనే భయమేస్తోంది!

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం. రెండు మూడు ముక్కల్లోనే మాట్లాడతాడు. హైదరాబాద్‌లో ఉంటాం. ఏటా సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. పోయినేడు భోగిపళ్లు పోస్తుంటే కేకలు పెట్టి, చెయ్యి కొరుక్కున్నాడు. పెంపకం సరిగా లేదన్నారు చుట్టాలు. ఈసారి మానేద్దామంటే మావారు ఐదు రోజులూ ఉండాల్సిందే అంటున్నారు. పదేళ్ల పాప కూడా వెళ్దామంటోంది. ఏం చేయను?

జవాబు: వెళ్లండి. కానీ ఐదు రోజులు వద్దు, మూడు రాత్రులు చాలు. భోగికి రెండు రోజుల ముందు తెల్లవారుజామునే బయల్దేరండి. ఇల్లు చుట్టాలతో నిండకముందే బాబు తన గదినీ, మంచాన్నీ, బాత్‌రూమ్ దారినీ చూసుకుంటాడు. ఆలస్యమైతే పంతంగి టోల్‌గేట్ దగ్గరే బండ్లు బారులు తీరతాయి. ఊరు చేరేసరికే పిల్లాడి ఓపిక అయిపోతుంది. సంక్రాంతి నాడు భోజనాలు కాగానే తిరుగు ప్రయాణం కట్టండి. కనుమనాడు కాకి కూడా కదలదని పెద్దవాళ్లే అంటారు కాబట్టి, ఒకరోజు ముందే బయల్దేరడానికి సాకు కూడా సిద్ధంగా ఉంది.

పోయినేడు జరిగింది మొండితనం కాదు. భోగి రోజు ఎలా గడుస్తుందో చూడండి. చీకటితోనే లేపి మంట దగ్గరికి తీసుకెళ్తారు. తలంటులో కుంకుడు రసం కళ్లలో పడుతుంది. ఆపైన గరగరలాడే కొత్త బట్టలు, మైకుల హోరు. ఒక్కొక్కటీ విడిగా అయితే ఓర్చుకునేవాడేమో. అన్నీ కలిసి సాయంత్రానికి నిండా పేరుకున్నాక, నెత్తిమీద రేగుపళ్లూ చిల్లరా పడ్డాయి.

భోగిమంట పూర్తిగా మానేయండి, నిద్రపోనివ్వండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. తలంటుకు ఇంట్లో వాడే షాంపూనే తీసుకెళ్లండి. ‘మూడు చెంబులు’ అని ముందే చెప్పి, పైకి లెక్కపెడుతూ పోయండి. మూడు కాగానే ఆపేయండి. నురగ మిగిలితే తడిగుడ్డతో తుడవచ్చు గానీ, నాలుగో చెంబు పోశారంటే మళ్లీ మీ లెక్కను నమ్మడు. కొత్త బట్టలు రెండుసార్లు ఉతికి, మెడ దగ్గరి లేబుల్ కుట్టుతో సహా తీసేసి, ఇక్కడే ఓ గంట తొడిగి చూడండి.

భోగిపళ్లు పేరంటం కంటే ముందే, నాయనమ్మ ఒక్కరే ఉన్నప్పుడు కానివ్వండి. పళ్లు అతని చేతికిస్తే తనే పళ్లెంలో వేస్తాడు. ఐదు నిమిషాలు చాలు. వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటుంటే చిల్లర వద్దు, రేగిపళ్లు కూడా లెక్కపెట్టి ఇవ్వండి.

ఇవన్నీ కనీసం రెండు వారాల ముందు మొదలవ్వాలి. నాయనమ్మ ఇల్లు, అక్కడుండే మనుషులు, గంగిరెద్దు, తిరిగొచ్చే కారు... ఇలా ఆరేడు ఫొటోలు ప్రింట్ తీయించి రోజూ వరుసగా చూపించండి. చివరి ఫొటో మీ హైదరాబాద్ ఇల్లే కావాలి. చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు కార్టూన్ చూసేటప్పుడు రోజూ ఐదు నిమిషాలు పెట్టండి. అలవాటు లేకుండా పండగనాడు పెడితే తీసి విసిరేస్తాడు. తిండి విషయంలో పంతం వద్దు, పెరుగన్నమే తింటానంటే పెరుగన్నమే పెట్టండి. ఫిట్స్ మందులు వాడుతుంటే ఒక్క పూటా తప్పకూడదు. నిద్రలేమికి మందు తప్పడం తోడైతే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నిద్రపోతాడని జలుబు సిరప్ పట్టడం అస్సలు వద్దు. కొందరు పిల్లలు దాంతో ఇంకా రేగుతారు.

అన్నిటికంటే నన్ను కంగారుపెట్టేది నీళ్లు. మీరు వెళ్లే చోట కాలువలూ చేపల చెరువులూ ఇళ్లను ఆనుకునే ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆకర్షణ, చెప్పకుండా వెళ్లిపోతారు. ఇంటినిండా జనం ఉన్నప్పుడు ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకే అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. ‘ఇక నువ్వు చూడు’ అని నోటితో చెప్పి మరీ అప్పగించండి. చొక్కా లోపల ఫోన్ నంబర్ కుట్టించండి. కనిపించకపోతే ముందు నీళ్ల వైపు పరుగెత్తండి, ఇంట్లో వెతకడం తర్వాత.

చెవులు మూసుకున్నా, గుండ్రంగా తిరగడం ఎక్కువైనా అప్పుడే గదిలోకి తీసుకెళ్లాలి. కేకలు మొదలయ్యాక బుజ్జగింపులూ ప్రశ్నలూ పనిచేయవు. లైటు ఆర్పి, మాటలు ఆపి, పక్కన కూర్చోండి. చెయ్యి కొరుక్కుంటుంటే మధ్యలో మెత్తని దిండు అడ్డం పెట్టండి, గట్టిగా పట్టుకోకండి.

చుట్టాలకు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. ఊరెళ్లేలోపే వాళ్లమ్మకు ఫోన్ చేసి, ‘అమ్మా, వాడికి చప్పుడు పడదు. లోపలి గది వాడికే వదిలెయ్. ఎవరైనా ఏమన్నా అంటే నాతో మాట్లాడమను’ అని చెప్పమనండి. కొడుకు నోటి నుంచి వస్తే అది కోడలి ఫిర్యాదు కాదు.

ఇక పాప. సంక్రాంతి ఉదయం ఓ గంట మీ ఇద్దరిలో ఒకరు ఆమెతోనే ఉండండి, గాలిపటమో ముగ్గో. మిగతా రోజంతా తమ్ముణ్ని చూస్తుండమని ఆమెకు అప్పగించకండి.