నిజమే చెప్పాను, తమ్ముడు మాట మానేశాడు

ప్రశ్న: నా వయసు 41. తమ్ముడు ఉద్యోగం వదిలేసి, స్నేహితుడితో కలిసి వ్యాపారం పెడతానన్నాడు. నేను లెక్కలు వేసి చూస్తే ఏడాది కూడా నిలబడేలా లేదు. వాడి పుట్టినరోజున అందరం భోజనాల దగ్గర ఉండగా ఆ లెక్కల కాగితం తీసి, ఒక్కొక్కటీ చదివి వినిపించాను. మరదలు కూడా అక్కడే ఉంది. మూడు నెలలైంది, నా ఫోన్ ఎత్తడు. వచ్చే నెల రాజీనామా ఇస్తాడట. నాకు తత్వం, ధర్మం గురించి చదివే అలవాటుంది. ఒకచోట నిజం చెప్పి తీరాలంటారు, ఇంకోచోట మౌనం మేలంటారు. దేన్ని పట్టుకోవాలి?

జవాబు: రెండూ కావాలి. చిక్కంతా అక్కడే. బైబిల్లో సామెతల గ్రంథం 26వ అధ్యాయం చూడండి. మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబివ్వొద్దని 4వ వచనం, ఇవ్వమని 5వ వచనం. పక్కపక్కనే ఉన్నాయి. కూర్చినవాళ్లు చూసుకోక అలా పెట్టారని నేననుకోను. (మీ తమ్ముణ్ణి మూర్ఖుడన్నానని మాత్రం చెప్పకండి. ఉన్న గొడవ చాలు.)

కన్ఫ్యూషియస్‌ని ఇద్దరు శిష్యులు ఒకే ప్రశ్న అడిగారు: మంచి మాట వినగానే ఆచరణలో పెట్టేయాలా? జిలూతో, ఇంట్లో తండ్రీ అన్నలూ ఉండగా అదెలా కుదురుతుందన్నాడు. రాన్ చియూతో, వెంటనే చెయ్యమన్నాడు. విన్న మూడో శిష్యుడు తికమకపడితే, ఒకడు వెనకాడే మనిషి కాబట్టి ముందుకు తోశాను, ఇంకొకడికి ఇద్దరికి సరిపడా దూకుడుంది కాబట్టి వెనక్కి లాగాను అన్నాడు. మీరు మాత్రం తమ్ముణ్ణి చూడకుండా పుస్తకాల్లో వెతుకుతున్నారు.

మనిషినీ సమయాన్నీ బట్టి తేల్చుకునే ఈ తెలివిని అరిస్టాటిల్ ఫ్రోనెసిస్ అన్నాడు. చిన్న వయసులోనే క్షేత్రగణితంలో దిట్టలు కావచ్చు గానీ, ఇది అనుభవం లేకుండా రాదన్నాడు. వక్తృత్వం గురించి రాస్తూ, మాట్లాడేవాణ్ణి జనం నమ్మడానికి మూడు కావాలన్నాడు: వివేకం, మంచి నడవడి, వినేవాళ్ల మేలు కోరే మనసు. ఈ మూడూ మీకున్నాయి, సందేహం లేదు. కానీ ఆ రోజు మీ తమ్ముడికి కనిపించిందేమిటి? అక్క మడతలు విప్పుతున్న కాగితం. అంటే ఇంటి దగ్గరే రాసుకుని వచ్చిందన్న మాట. పక్కనే భార్య.

అభయ రాజకుమారుడు బుద్ధుణ్ణి ఇరికించాలని, మీరు ఎదుటివాళ్లకి నచ్చని మాటలు చెబుతారా అని అడిగాడు. అతని ఒళ్లో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ నోట్లో గులకరాయి ఇరుక్కుంటే ఏం చేస్తావని బుద్ధుడు ఎదురడిగాడు. ఎడమచేత్తో తల పట్టుకుని, కుడిచేతి వేలు వంచి, నెత్తురొచ్చినా సరే బయటికి తీస్తాను, బిడ్డ మీద దయతోనే అన్నాడు అభయుడు. బుద్ధుడి జవాబూ అదే: నిజమై, మేలు చేసేదై, నచ్చనిదైతే, చెప్పే సమయం తెలుసుకుని చెబుతాను. గమనించారా, నచ్చే మాటకి కూడా సమయం చూస్తానన్నాడు. ముందు తల పట్టుకోవడం అనే పనుంది. మీరు నేరుగా వేలు పెట్టేశారు.

‘ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటి కా మాటలాడి’ అన్న సుమతీ పద్యం మీకూ నోటికొచ్చే ఉంటుంది. అందులో ‘తప్పించుక తిరుగువాడు’ అన్న ముక్కనే పట్టుకుని, ఏమీ మాట్లాడకపోవడమే నేర్పనుకునేవాళ్లు చాలామంది. నాకది నచ్చదు. రాజీనామా తేదీ దగ్గర పడింది. ఎంతకాలం ఊరుకోవచ్చో ఆ తేదీయే చెబుతోంది.

అందుకని ఈ వారంలోనే మెసేజ్ పెట్టండి. ‘అందరి ముందు అలా చదవడం నా తప్పు. ఒకసారి వస్తాను, నీ ఆలోచనేంటో వింటాను.’ అంతే. లెక్కలు తప్పని ఒప్పుకోనక్కర్లేదు, తప్పు చోటుదీ తీరుదీ. ‘కానీ’ అని ఇంకో వాక్యం మొదలుపెడితే మొత్తం పోతుంది. నాన్నగారిని రాయబారం పంపొద్దు, మళ్లీ అందరి ముందుకీ తెచ్చినట్టవుతుంది.

వెళ్లాక సగం సేపు వినండి. ఆ తర్వాత రెండే ప్రశ్నలు: ఎంత డబ్బు పోయినా ఇల్లు నడుస్తుంది? ఏ నెల దాకా చూసి ఆపేస్తావు? వీటికి అతని దగ్గర జవాబుంటే, మీరు అనుకున్నంత ప్రమాదం లేకపోవచ్చు. లేకపోతే ఆ ప్రశ్నలు అతని తలలోనే తిరుగుతాయి, మీరు వాదించనక్కర్లేదు. పాత కాగితం ఇంట్లోనే ఉంచి వెళ్లండి. అతనే అడిగితే ఇద్దరూ కూర్చుని కొత్తగా లెక్క వేసుకోవచ్చు.