ఎవరి ముందు ఏ పాట

తమ్ముడూ,

పాటల ఇష్టాల్లో ఆడా మగా తేడా గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బావుంది, చదివించే గుణం ఉంది. కానీ మొదటి పేజీలోనే "ఆడవాళ్లకు మెలొడీ, మగవాళ్లకు బీట్" అని తేల్చేసి, మిగిలిన పేజీలన్నీ ఆ మాటకు సాక్ష్యాలు వెతకడానికే ఖర్చు పెట్టావు. నాకు పేచీ అక్కడే. ఆ మాట పూర్తిగా అబద్ధమనను. అభిరుచుల మీద జరిగిన సర్వేల్లో మెత్తని పాటల వైపు స్త్రీలు, హోరెత్తే పాటల వైపు పురుషులు కాస్త ఎక్కువగా మొగ్గడం కనిపిస్తూనే ఉంటుంది. అది సగటు లెక్క. సగటు మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఈ వయసులోనూ నేను హెవీ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం వింటాను. ఆ సంగతి తెలిసి "మీరా!" అని కళ్లు పెద్దవి చేసేవాళ్లకు మెటల్ గురించి ఏమీ తెలిసి ఉండదు, నా గురించి మాత్రం ముందే ఒక అంచనా ఉంటుంది. నీ వ్యాసం చదువుతుంటే కూడా అలాగే అనిపించింది.

2015లో డేవిడ్ గ్రీన్‌బర్గ్, ఆయన సహచరులు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి ఒక అధ్యయనం ప్రచురించారు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో పట్టించుకునే స్వభావం బలంగా ఉన్నవాళ్లు మెత్తని, విషాదం కలిసిన సంగీతాన్ని ఇష్టపడ్డారు. ఒక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తరచి చూసే స్వభావం ఉన్నవాళ్లు తీవ్రమైన సంగీతం వైపు మొగ్గారు. జాజ్ లాంటి ఒకే తరహా సంగీతం లోపల కూడా ఈ తేడా కనిపించింది. ఎదుటివాళ్ల మనసు పట్టించుకునే ఆ స్వభావం కూడా స్త్రీలకే ఎక్కువ కదా అంటావేమో. ప్రశ్నపత్రం ఇచ్చి అడిగితే సగటున అలాగే వస్తుంది. అయితే "ఇతరుల బాధ నీకు త్వరగా అర్థమవుతుందా?" అని అడిగినప్పుడు ఏ జవాబు ఆడపిల్లకు మెప్పు తెస్తుందో, ఏ జవాబు మగపిల్లాణ్ణి నవ్వులపాలు చేస్తుందో అందరికీ చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఇందులో పుట్టుక ఎంత, పెంపకం ఎంత అన్నది నీ వ్యాసంలో తేలే విషయం కాదు. దాని జోలికి పోకు.

నీ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన వాక్యాన్ని నువ్వే పట్టించుకోలేదు. "నాన్న గదిలోకి రాగానే అమ్మ పాట ఆపేస్తుంది" అని రాసి, వెంటనే "స్త్రీ హృదయం సున్నితం" అంటూ వేరే దారి పట్టావు. ఎందుకు ఆపేస్తుంది? ఏ పాట అది? అన్ని పాటలూ ఆపుతుందా, కొన్నేనా? ఆయన వెళ్లాక మళ్లీ పెట్టుకుంటుందా? ఇవేవీ అడగకుండా సున్నితత్వం గురించి ఒక పేజీ రాశావు. మనకు ఇష్టమైన పాటల్లో నలుగురిలో చెప్పుకునేవి కొన్ని, తలుపు వేసుకుని వినేవి కొన్ని. ఆ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే ఆడా మగా తేడా ఎక్కువగా పనిచేస్తుందని నా నమ్మకం. ఎవరికి ఏది ఇష్టం అని అడగడం మానేసి, ఎవరి ముందు ఏది ఇష్టమని చెప్పుకోగలుగుతున్నారో చూడు. వ్యాసం దానంతటదే దారి మార్చుకుంటుంది.

వాయిద్యాల సంగతే తీసుకో. హెరాల్డ్ ఏబెలెస్, సూజన్ పోర్టర్ 1978లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకు ఏ వాయిద్యం నేర్పిస్తారని పెద్దవాళ్లను అడిగారు. ఆడపిల్లకు ఫ్లూట్, వయొలిన్, క్లారినెట్ అన్నారు. మగపిల్లాడికి డ్రమ్స్, ట్రంపెట్, ట్రాంబోన్ అన్నారు. పిల్లల్ని కూడా చూస్తే, బడిలో చేరిన కొత్తలో ఆ తేడా పెద్దగా లేదు. తరగతులు పెరిగేకొద్దీ పెరిగింది. అది చెవుల్లో పుట్టిన తేడా అయితే మొదటి నుంచీ ఉండాలిగా! వియన్నా ఫిల్హార్మోనిక్ అనే పేరున్న వాద్యబృందం 1997 దాకా స్త్రీలను పూర్తి సభ్యులుగా తీసుకోనేలేదు. అప్పుడు తీసుకున్న హార్ప్ కళాకారిణి అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ బృందంతోనే వాయిస్తున్నారు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదంతం 1842 నాటిది. విక్టోరియా రాణి, స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్‌ను తన భవనానికి పిలిపించుకుని, ఆయన పాటల సంపుటిలో తనకు బాగా నచ్చినదొకటి పాడి వినిపించింది. ఆ పాట కట్టింది తను కాదనీ, తన అక్క ఫానీ అనీ ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఆడపిల్ల పాటలు అచ్చు వేయించుకోవడం ఆ ఇంటివాళ్లకు పద్ధతిగా అనిపించక, కొన్నిటిని తమ్ముడి పేరు మీద వేశారు. ఇన్నాళ్లూ వింటున్నవాళ్లలో "ఇది ఆడమనిషి బాణీలా ఉందే" అని ఎవరికి అనిపించింది? పేరు చూసి వినే అలవాటు మనది. ఈ ఉదంతాన్ని కావాలంటే వాడుకో, కానీ నీ వ్యాసం నిండా ఇలాంటివే పేర్చకు.

ఇక ఉద్వేగం. "ఈ పాట ఏడిపిస్తుంది" అని రాసి వదిలేస్తున్నావు. ఎలా ఏడిపిస్తుందో చెప్పాలి. యూస్లిన్, వెస్ట్‌ఫియల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో, సంగీతం మనలో ఉద్వేగాన్ని రేపే దారులు ఆరింటిని వివరించారు. ఉలిక్కిపడేలా చేసే శబ్దం ఒకటి. గొంతులోని వణుకు మనకూ అంటుకోవడం ఒకటి. పాటతో ముడిపడిన జ్ఞాపకం ఒకటి. రావాల్సిన స్వరం రాకుండా ఊరించి ఆలస్యంగా రావడం ఇంకొకటి. ఈ చివరిదాన్ని లెనర్డ్ మేయర్ 1956లోనే ఒక పుస్తకమంతా చర్చించాడు. 2011లో మాంట్రియల్ పరిశోధకులు, ఒళ్లు పులకరించే ఘట్టం వచ్చినప్పుడే కాదు, దాని కోసం ఎదురుచూస్తున్నప్పుడు కూడా మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలవుతుందనీ, రెండు సందర్భాల్లో చోట్లు వేరనీ చూపించారు. ఇవన్నీ నీ వ్యాసంలోకి ఎక్కించమని చెప్పడం లేదు. ఒక మనిషి ఒక పాటకు కరిగిపోతుంటే ఏ దారిన కరుగుతున్నారో నీకు తెలిసి ఉండాలి. జ్ఞాపకం దారి అయితే ఆ పాట చాలా మామూలుదై ఉండొచ్చు. అప్పుడు నువ్వు బాణీని పొగుడుతూ కూర్చుంటే అసలు విషయం జారిపోతుంది.

విషాద గీతాలు వినేవాళ్లంతా విషాదంలో ఉన్నారనుకోవడం కూడా మానెయ్. తరూఫీ, కోల్ష్ 2014లో 772 మందిని అడిగితే, అలాంటి పాటలు తమలో ఎక్కువగా కలిగించేది గతం మీద బెంగ అని తేలింది, దుఃఖం తర్వాతే. నా అభిప్రాయం ఇంకో అడుగు ముందుకు వెళుతుంది. ఏడవకూడదని పెరిగిన మగపిల్లాడికి హోరెత్తే పాట ఒక చాటు. అందులో అరుపు ఉంది కాబట్టి అందరూ కోపం అనుకుంటారు. లోపల ఉన్నది దిగులో, భయమో. గొంతు పెంచకూడదని పెరిగిన ఆడపిల్లకు కోపం తీర్చుకునే చోటు కూడా అలాంటి పాటలోనే దొరుకుతుంది. ఇద్దరూ ఒకే పాట వింటున్నారు, వేరువేరు పనుల కోసం. నువ్వు పాటల పేర్లు లెక్కపెడుతున్నావు. ఆ పనులు లెక్కలోకి రావడం లేదు.

చిన్న విషయాలు రెండు. "మనసును మెలిపెట్టే" అన్న మాట మూడో పేజీలోనే నాలుగుసార్లు వచ్చింది, అన్నీ కొట్టెయ్. పాటల చరణాలకు చరణాలు ఎత్తి రాయడం కూడా ఆపు. ఆ పాట తెలిసినవాళ్లకు అక్కర్లేదు, తెలియనివాళ్లకు అక్షరాల్లో బాణీ వినపడదు.

ముందు అమ్మను అడుగు, నాన్నగారిని కూడా విడిగా అడుగు. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఏం వింటారో నీకు తెలుసా? వ్యాసంలో ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయారు. వాళ్లు చెప్పనంటే బలవంతం చెయ్యకు, చెప్పనన్నారనే రాసుకో. రెండో ప్రతి నాకు పంపు. పత్రికకు ఇచ్చేముందు మాత్రం ఆ భాగాలు వాళ్లిద్దరికీ చదివి వినిపించి, సరేనన్నాకే ఇవ్వు.

ఆశీస్సులతో,
అక్క